బీమా కచేరిలోని సంగీతకర్త

సంగీతమును గూర్చి వ్రాయుటకు మాకు గల యోగ్యత మిక్కిలి స్వల్పము. మేము మెట్రిక్యులేషను వఱకు చదివి, నలువది సంవత్సరములు ఒక జీవిత బీమా కార్యాలయమున గుమాస్తాపని చేసి, 2019లో విశ్రాంతి పొందినవారము. రాగతాళముల మర్మము మాకు తెలియదు. అయినను ఈ సంచికకు ఏదేని వ్రాసి యిమ్మని సంఘ మిత్రులు కోరినప్పుడు, కొన్ని సంవత్సరములుగా మా మనసున మెలగుచున్న యొక మనుష్యుని కథనే వ్రాయ నిశ్చయించితిమి. ఆయన పేరు చార్లెస్ ఐవ్స్. అమెరికా దేశీయుడు. ఆ దేశమున నవీన సంగీతమునకు బాట వేసిన మొదటివారిలో నొకడు. ఆయనయు మావలెనే బీమా కచేరిలో గుమాస్తాగా జీవితము నారంభించెను. మన భాషలో కచేరి యను మాటకు కార్యాలయమనియు, గానసభ యనియు రెండర్థములు కలవు. ఆ రెండు కచేరులను ఒక్క జీవితమున నడపినవాడు ఐవ్స్.

ఆయన మాకు పరిచయమైన విధము చిత్రమైనది. విశ్రాంతి పొందిన క్రొత్తలో ప్రొద్దు పోక, ముంబయి ఫోర్టు ప్రాంతమున ఫ్లోరా ఫౌంటెను దగ్గర బాటప్రక్కన పాతపుస్తకములు అమ్మువారి కడ నిలుచుట మాకు అలవాటయ్యెను. ఒకనాడు ముగ్గురు పాశ్చాత్య సంగీతజ్ఞుల వ్రాతలను కూర్చి 1962లో అమెరికాలో అచ్చువేసిన పుస్తక మొకటి చేతికి వచ్చెను. అందు డెబుస్సీ, బుసోనీ యనువారి వ్రాతలతోపాటు, ఐవ్స్ 1920లో వెలువరించిన ‘సొనాటాకు ముందు వ్యాసములు’ అనునవి యున్నవి. పుటలు త్రిప్పుచుండగా ఇన్సూరెన్సు అను మాట కంటబడెను. సంగీతపు పుస్తకమున మా వృత్తికి చోటేమని ఆశ్చర్యపడి, బేరమాడకయే కొంటిమి. నిఘంటువు ప్రక్కన బెట్టుకొని చదువ నారంభించితిమి. మా ఇంగ్లీషు ఉత్తరప్రత్యుత్తరముల యింగ్లీషు. దినమునకు రెండు పుటలు సాగుట కష్టమయ్యెను. అయినను విడువలేదు.

ఐవ్స్ 1874 అక్టోబరు 20వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమున డాన్‌బరీ యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి జార్జి ఐవ్స్, అమెరికా అంతర్యుద్ధమున ఉత్తర సైన్యమునకు బ్యాండు నడపినవాడు. యుద్ధానంతరము ఊరికి వచ్చి, అచ్చటి బ్యాండునకు నాయకుడై, పిల్లలకు సంగీతము చెప్పుచుండెను. ఈ జార్జి విచిత్రమైన చెవి గలవాడు. రెండు బ్యాండులను ఎదురెదురు దిక్కులనుండి నడిపించి, రెండు వేఱు పాటలు ఒక్కసారి వాయింపజేసి, అవి దగ్గఱకు వచ్చి దాటిపోవునప్పుడు పుట్టు ధ్వనిని శ్రద్ధగా వినెడివాడట. పిల్లలచేత ఒక శ్రుతిలో పాడించి, తాను వేఱొక శ్రుతిలో వాద్యము వాయించెడివాడట. పియానో మెట్ల నడుమ దాగియున్న సూక్ష్మస్వరములకై తీగలు బిగించి వెదకెడివాడట. ఊరివారికి ఇది పిచ్చిపనిగా తోచెను. సంగీతముతో సంసారము గడవక, కడపటి దినములలో ఆయన బ్యాంకులో చిన్న ఉద్యోగము చేయవలసి వచ్చెను. 1894 నవంబరులో మరణించెను. అప్పటికి కుమారుడు యేల్ విశ్వవిద్యాలయమున చేరి కొద్ది వారములే యైనది. తనకు సంగీతమున తెలిసినదంతయు తండ్రి పెట్టిన భిక్షయే యని ఐవ్స్ జీవితాంతము చెప్పుకొనెను.

ఈ రెండు బ్యాండుల ముచ్చట చదివిన దినమున మేము పుస్తకము మూసి చాలసేపు ఊరక కూర్చుంటిమి. కారణము చెప్పవలెనన్న, మా యింటి సంగతి కొంత చెప్పక తప్పదు.

మా పూర్వులు కరీంనగరము ప్రాంతమున మగ్గము విడిచి, మిల్లు పనికై ముంబయి చేరిన పద్మశాలీలు. మేము పుట్టినది పరేలులోని యొక చాల్‌లో. చదివినది మునిసిపాలిటీవారి తెలుగు బడిలో. మా తండ్రిగారు పగలు మిల్లులో సాంచెల మీద పనిచేసి, పెండ్లిండ్ల కాలమున సాయంకాలములు ఒక బ్యాండులో క్లారినెట్టు వాయించుచుండిరి. ఎఱ్ఱకోటు, ఇత్తడి గుండీలు, కొంచెము పెద్దదై చెవులపైకి జాఱు టోపీ. ఇది వారి వేషము. చదువు లేదు. స్వరలిపి తెలియదు. సినిమాపాట రెండుమార్లు చెవిని బడిన చాలు, మూడవమారు వ్రేళ్ళపై పలుకుచుండెను.

మాకు ఏడెనిమిదేండ్ల వయసున గణపతి నిమజ్జనము నాడు మమ్ము భుజములపై నెక్కించుకొని లాల్‌బాగునకు తీసికొనిపోయిరి. రెండు వీథులు కలియుచోట రెండు ఊరేగింపులు ఎదురుపడినవి. ఒక బ్యాండు ఒక పాట, ఇంకొక బ్యాండు ఇంకొక పాట. నడుమ ఢోలు తాషాలు. మేము చెవులు మూసికొంటిమి. తండ్రిగారు మా చేతులను మెల్లగా తొలగించి, “చెవులు మూసుకోకు బిడ్డా. రెండు వాగులు ఒక్కకాడ కలుస్తున్నయి, ఇను” అనిరి. వారి ముఖమున నాడు చూచిన వెలుగు మేము మఱువలేదు. కాని, ఆ మాటకు అర్థ మున్నదని మాత్రము అరువది యేండ్లు నిండువఱకు ఎఱుగమైతిమి. సముద్రముల కావల, నూఱేండ్లకు పూర్వము, మఱియొక తండ్రి తన కుమారునకు అదే వినిపించియుండెను!

ఐవ్స్ ఆ ధ్వనిని మఱువలేదు. ‘న్యూ ఇంగ్లండులో మూడు స్థలములు’ అను తన వాద్యబృంద కృతిలో రెండవ భాగమున, వేఱు వేఱు వేగములతో సాగు కవాతు పాటలను ఒకదానిపై నొకటి నడిపించెను. మొదట విన్నప్పుడు మాకు అది గందరగోళముగనే తోచినది. మా అమ్మాయి తన ఫోనులో వినిపించి, చెవులలో బెట్టుకొను సాధనమును మాకిచ్చినది. నాలుగవమారు వినునప్పుడు లాల్‌బాగు కూడలి కనబడినది.

ఐవ్స్ 1898లో పట్టభద్రుడై న్యూయార్కు చేరి, ఒక బీమా సంస్థలో గణాంక విభాగమున గుమాస్తాగా ప్రవేశించెను. బాల్యమునుండి చర్చిలో ఆర్గను వాయించుచుండిన వాడగుటచే కొంతకాలము ఆదివారములందు ఆ పనియు చేసెను. 1902లో దానిని విడిచెను. అప్పటినుండి సంగీతము ఆయనకు జీవనోపాధి కాలేదు. తాను వ్రాయు సంగీతము జనులకు నచ్చదనియు, దానిని నమ్మి ఆలుబిడ్డలను పస్తులుంచుట న్యాయము కాదనియు ఆయన తలంచెను. మన త్యాగరాజస్వామివారు ఉంఛవృత్తి నవలంబించి సంగీతమును సంతకు దింపకుండ కాపాడుకొనిరి. ఐవ్స్ ఆఫీసు బల్ల వెనుక కూర్చుండి అదే పని చేసెను. దారులు వేఱు, వ్రతము ఒక్కటియే యని మాకు తోచును.

1907లో జూలియన్ మైరిక్ అను మిత్రునితో కలిసి ఐవ్స్ సొంతముగ బీమా ఏజెన్సీ స్థాపించెను. 1909 నుండి అది ఐవ్స్ అండ్ మైరిక్ అను పేర నడచి, దేశములోని గొప్ప ఏజెన్సీలలో నొకటి యయ్యెను. ఏజెంట్లకు శిక్షణ నిచ్చుటకు పాఠశాల నడపిరి. ఒక సంసారమునకు ఎంత బీమా కావలయునో నిర్ణయించుటెట్లో తెలుపుచు ఐవ్స్ ఒక చిన్న పుస్తకమును వ్రాసెను. ఏజెంటు తనకు తోచిన మొత్తమును అంటగట్టరాదు. సంపాదించువాడు పోయిన పక్షమున భార్యకు, పిల్లలకు ఏటేట ఎంత అవసరమగునో లెక్కకట్టి, దానినుండి బీమా మొత్తమునకు రావలెను. ఇది అందలి సారాంశము. నేడు ఇది సామాన్యముగ కనబడవచ్చును. కాని మా వృత్తిలోనివారికి దాని విలువ తెలియును. నలువది యేండ్లు క్లెయిముల కాగితములు చూచిన మాకు, అంకెల వెనుక ఇంటి పొయ్యిని చూడగల మనుష్యుని గుర్తించుట కష్టము కాలేదు.

రాత్రులు, సెలవు దినములు, ఊరికి పోవు రైలు ప్రయాణములు. ఇవియే ఆయనకు సంగీతరచనకు దొరకిన వేళలు. 1908లో హార్మొనీ ట్విచెల్ అను నర్సును వివాహమాడెను. ఆమె పేరునకు స్వరమైత్రి యని యర్థము. అపస్వరముల సంగీతకర్తకు తగిన యిల్లాలే! ఆ వివాహమునకు తరువాతి పదేండ్లే ఆయన రచనకు మంచి పంటకాలము. 1918 అక్టోబరులో ఆరోగ్యము తీవ్రముగ చెడెను. ఆ పిదప తాను వ్రాసినవానిని సరిచూచి అచ్చువేయించుటపై దృష్టి నిలిపెను. పియానోపై వాయించు ‘కాన్‌కార్డ్ సొనాటా’ను, దానికి ముందుమాటగా నుండు వ్యాసములను, 1922లో ‘114 పాటలు’ అను సంపుటమును స్వంత ఖర్చుతో అచ్చువేయించి ఉచితముగ పంచెను. అందుకొన్నవారిలో అనేకులు ఎగతాళి చేసిరి. 1920ల చివరికి క్రొత్త రచన సాగకపోయెను. ఒకనాడు మేడ దిగివచ్చి, ఇక తనచేత నగుట లేదని భార్యతో చెప్పి కంట తడిపెట్టెనట. 1930లో వ్యాపారమునుండియు తప్పుకొనెను.

ఇక వ్యాసముల మాట. కాన్‌కార్డ్ అనునది మసాచుసెట్స్ రాష్ట్రములోని చిన్న ఊరు. ఎమర్సన్, హాథోర్న్, ఆల్కాట్ కుటుంబమువారు, థోరో అచ్చట నివసించిరి. సొనాటాలోని నాలుగు భాగములకు వారి పేర్లే పెట్టెను. బీథోవెన్ ఐదవ సింఫనీలోని ప్రసిద్ధమైన నాలుగు స్వరములు ఈ కృతియంతట తొంగిచూచుచుండును. హాథోర్న్ భాగమున ఒకచోట పదునాలుగు ముప్పాతిక అంగుళముల కొయ్యబద్దతో పియానో మెట్లను ఒక్కసారి నొక్కవలెను. ఇది వికారమని కొందరనిరి. కాని మెత్తగా నొక్కునప్పుడు అది దూరపు మంచువలె వినబడును.

ఎమర్సన్, థోరో అను పేర్లు మనకు పరాయివి కావు. 1785లో చార్లెస్ విల్కిన్స్ ఇంగ్లీషులోనికి తెచ్చిన భగవద్గీత వారిరువురికి ప్రియమైన గ్రంథము. ఎమర్సన్ ‘బ్రహ్మ’ యను పేర పద్యమే వ్రాసెను. థోరో 1845 మొదలు 1847 వఱకు వాల్డెన్ సరస్సు చెంత కుటీరమున నివసించి, 1854లో వెలువరించిన తన గ్రంథమున గీతను, గంగను స్మరించెను. ఆయన వ్రాతలు గాంధీమహాత్మునకు బలము నిచ్చినవని మనమెఱుగుదుము. కావున ఐవ్స్ వ్యాసములు చదువునప్పుడు మన పెరటి బావినీరు దేశములు తిరిగి వచ్చి మఱల మన చెంబులో పడినట్లు తోచినది.

ఐవ్స్ ముఖ్యముగ చెప్పునది సారము, రీతి అను రెండింటి భేదము. సారము మనుష్యుని అంతరంగమునుండి వచ్చునది; రీతి దానిని వెలిబుచ్చు నేర్పు. నేర్పే చాలునను సంగీతము చెవిని జోకొట్టి మనసును నిద్రపుచ్చునని ఆయన ఆక్షేపణ. ఈ మాట పూర్తిగ అంగీకరించుటకు మాకు కొంత సందేహము కలదు. మా కచేరిలో సంతకము తప్పిన క్లెయిము, ఎంత న్యాయమైనదైనను, నిలిచిపోయెడిది. రీతి లేనిచో సారము గమ్యము చేరదు. అదియునుగాక, మెప్పును, ధనమును కాదనుట చేతిలో నాలుగు కాసులున్నవానికి సులభము. ఐవ్స్ ధనవంతుడు. మా తండ్రిగారు కారు. అయినను ఐవ్స్ చెప్పిన యొక ముచ్చట ఈ సందేహమును చాలవఱకు తీర్చినది. డాన్‌బరీలో రాళ్ళు చెక్కు పనివాడొకడు ప్రార్థనసభలలో గొంతెత్తి అపస్వరముతో పాడెడివాడట. దానిని భరించుటెట్లని ఒకరడుగగా, జార్జి ఐవ్స్, అతని ముఖమును చూడుమనియు, ధ్వనిని మాత్రమే పట్టుకొన్న సంగీతము చేజాఱుననియు బదులు చెప్పెనట.

ఇచ్చట మేము దాచుకొన్న సంగతిని చెప్పవలసి యున్నది.

1982 జనవరి 18వ తేదీన ముంబయి బట్టల మిల్లులలో రెండున్నర లక్షల కార్మికులు సమ్మె కట్టిరి. ఆ సమ్మెలో పోయిన పని మా తండ్రిగారికి మఱల దొరకలేదు. అప్పటికి మేము ఉద్యోగములో చేరి మూడేండ్లు. మా జీతము, వారి బ్యాండు కూలి, ఈ రెండింటితో సంసారము నడచుచుండెను. 1983లో మా తోడి యుద్యోగి యింట పెండ్లి జరిగెను. మేము క్రొత్త సఫారీ దుస్తులు ధరించి ఆఫీసువారి నడుమ నిలిచియుంటిమి. ఊరేగింపు వచ్చినది. ముందు వరుసలో ఎఱ్ఱకోటు తొడిగి మా తండ్రిగారు. మా ప్రక్కనున్న పెద్ద యొకరు, “ఈ క్లారినెట్టువానికి శ్రుతి తెలియదు” అని నవ్విరి. మేమును నవ్వితిమి. తండ్రిగారి చూపు మాపై పడినది. మేము ముఖము త్రిప్పుకొంటిమి. వారు వాయించుచునే ముందునకు సాగిపోయిరి.

ఆ రాత్రి ఆలస్యముగ ఇంటికి వచ్చి, చాప పఱచుకొనుచు, “ఇయ్యాల మా బ్యాండు ఎట్లున్నది బిడ్డా?” అని అడిగిరి. ఆ గొంతులో కోపము లేదు, నింద లేదు. అది నిజముగ తెలిసికొనగోరిన ప్రశ్న. మేము గోడవైపు తిరిగి నిదుర నటించితిమి. వారు మఱల అడుగలేదు. 1988లో గతించిరి.

ఐవ్స్ కృతులలో ‘సమాధానము లేని ప్రశ్న’ యను చిన్న కృతి యొకటి కలదు. 1908 ప్రాంతమున రచింపబడినది. దాని కాలము సుమారు ఆఱు నిమిషములు. తీగవాద్యములు మొదటినుండి కడవఱకు అతి మెల్లగా, ఏమియు ఎఱుగనట్లు, ప్రశాంతముగ సాగుచుండును. ట్రంపెట్టు ఒక ప్రశ్న వేయును. వేణువులు బదులు చెప్ప ప్రయత్నించును. మఱల ప్రశ్న, మఱల బదులు. వేణువులు రాను రాను తొందరపడి, చికాకుపడి, ప్రశ్ననే వెక్కిరించి మాయమగును. ఏడవమారు ట్రంపెట్టు అడుగును. బదులు లేదు. తీగల నాదము మాత్రము మిగిలి క్రమముగ అణగిపోవును. జీవుని అనాది ప్రశ్న యిదియని ఐవ్స్ భావము. పండితులు దీనికి ఎన్ని యర్థములు చెప్పుదురో కాని, మేము మొదటిమారు విన్న రాత్రి ఆ ట్రంపెట్టులో మాకు వినబడినది క్లారినెట్టు వాయించినవారి గొంతే. మా అమ్మాయి గదిలోనికి వచ్చి, “ఏమైంది నాన్నా?” అని అడిగినది. దానికైనను బదులు చెప్పవలెనని ఆ రాత్రియే ఆమెకు ఈ కథ నంతయు చెప్పితిమి. ముప్పదియాఱేండ్లలో అదియే మొదటిసారి.

ఐవ్స్‌కు కీర్తి ఆలస్యముగ వచ్చినది. జాన్ కర్క్‌పాట్రిక్ అను పియానో విద్వాంసుడు ఏండ్ల తరబడి సాధన చేసి, 1939 జనవరి 20న న్యూయార్కు టౌన్ హాలులో కాన్‌కార్డ్ సొనాటాను సంపూర్ణముగ వాయించెను. ‘సమాధానము లేని ప్రశ్న’యు, మూడవ సింఫనీయు 1946లో తొలుత వినబడినవి. ఆ సింఫనీకి 1947లో పులిట్జరు బహుమానము రాగా, బహుమతులు చిన్నపిల్లలకు కావలసినవని తోసిపుచ్చి, సొమ్ములో సగము దానిని నడపించిన లూ హారిసన్‌కు ఇచ్చెను. రెండవ సింఫనీని 1951లో లియొనార్డ్ బెర్న్‌స్టెయిన్ న్యూయార్కున నడపించినప్పుడు ఐవ్స్ సభకు పోక, రేడియోలో వినెను. 1954 మే 19న పరమపదించెను. నాలుగవ సింఫనీ సంపూర్ణముగ మ్రోగినది 1965లో, లియొపోల్డ్ స్టొకొవ్‌స్కీ చేతిమీదుగ. అప్పటికి ఆయన పోయి పదునొకండేండ్లు.

తన కృతులపై ఐవ్స్ వేసికొన్న తేదీలు నిజము కావేమోయని 1987లో మేనార్డ్ సాలొమన్ అను పండితుడు సందేహించెను. పాతవానిని తరువాత దిద్ది క్రొత్తదనము చేర్చెనని ఆయన యభిప్రాయము. తదుపరి గేల్ షెర్‌వుడ్ అను విదుషి కాగితపు రకమును, చేవ్రాతను పరిశీలించి, తేదీలు చాలవఱకు నమ్మదగినవేయని తేల్చినది. గుమాస్తాలమైన మాకు ఈ పరిశోధన మిక్కిలి రుచించినది. దస్తావేజు పరీక్ష ఎక్కడనైనను ఒక్కటియే గదా!

మన తెలుగు కుటుంబములలో, పరదేశములకు పొట్టకూటికై వచ్చినవారిలో, పగలు మిల్లులోను, ఓడరేవులోను పనిచేసి రాత్రి సన్నాయియో, డోలో, హార్మోనియమో పట్టినవారు ఎందఱో కలరు. వారి పేర్లు ఏ సంచికలోను ఎక్కలేదు. పాడిన పాటలకు పట్టిక లేదు. ఐవ్స్ అదృష్టవంతుడు, తన తండ్రి వినిపించినదానిని వ్రాసి యుంచగలిగెను. మేము వ్రాయలేకపోతిమి. కనీసము వింటిమని చెప్పుటకైనను ఈ నాలుగు పుటలు.

గడచిన గణపతి నిమజ్జనమునకు మనుమని చేయి పట్టుకొని లాల్‌బాగు కూడలికి పోయితిమి. ఇప్పుడు పెద్ద పెద్ద పెట్టెల సంగీతమే హెచ్చు. అయినను సాయంకాలము ఒక చిన్న బ్యాండు వచ్చినది. అందు వృద్ధుడొకరు క్లారినెట్టు పట్టియుండిరి. శ్రుతి కొంచెము తప్పినమాట నిజమే. పాట ముగిసి, ఆయన గోడకానుకొని చెమట తుడుచుకొనుచుండగా దగ్గఱకు పోయి, చాల బాగుగ వాయించితిరని మరాఠీలో చెప్పితిమి. ఆయన మమ్మొకసారి ఎగాదిగ చూచి, నవ్వి, తల వంచి నమస్కరించిరి. మనుమడు మా చేయి లాగి, ఆయన మనకు తెలిసినవారా యని అడిగెను. తెలిసినవారే యంటిమి.